న్యూబరీ మారలేదని ఎవరన్నారు?

"ఇంగ్లాండ్‌లో చిన్న పట్టణాలు వందల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఎలా ఉంటున్నాయి? పాత కట్టడాల మీద ఆ శ్రద్ధ మనవాళ్ళకి ఎందుకు లేదు?" అని అడిగారు.

చెక్కుచెదరకుండా ఏమీ లేవండి. ఈ మాట అనేవాళ్ళు సాధారణంగా ఆదివారం పూట కారు దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయినవాళ్ళై ఉంటారు. నేను బెర్క్‌షైర్‌లో న్యూబరీ అనే ఊళ్ళో ఏళ్ళ తరబడి కాపురం ఉన్నాను. అదీ ఊరి నడిబొడ్డున, కొట్ల మీద మేడలో. కాబట్టి నా మాట కొంచెం వినాలి మీరు.

న్యూబరీ పేరు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో చాలామందికి తెలుసు, వోడాఫోన్ ఊరు కదా. 1985 జనవరి 1న బ్రిటన్‌లో మొబైల్ సర్వీసు మొదలైనప్పుడు ఆ కంపెనీ ఆఫీసు ఇక్కడే ఒక కర్రీ రెస్టారెంట్ పైన ఉండేది. తర్వాత ఊళ్ళో ఎక్కడ ఖాళీ మేడ దొరికితే అక్కడల్లా బల్లలు వేసుకుంటూ పోయింది. చివరికి ఊరి అంచున పెద్ద క్యాంపస్ కట్టుకుంది. నేను కూడా కాంట్రాక్టు ఉద్యోగం మీద ఆ ఊరికి చేరినవాణ్ణే.

అసలు ఆ ఊరిని నిలబెట్టింది ఫోన్లు కాదు, బట్ట. మాది చీరాల వైపు, మా తాత గుంట మగ్గం మీద నేసినవాడు. అందుకని ఈ సంగతి నాకు కాస్త పట్టింపు. జాక్ ఆఫ్ న్యూబరీ అని జనం పిలిచే జాన్ వించ్‌కూంబ్ 1500ల తొలి రోజుల్లో ఇక్కడ ఉన్ని బట్టల వ్యాపారంలో కోట్లకు పడగలెత్తాడు. సెయింట్ నికొలస్ చర్చి లేచింది ఆయన డబ్బుతో, ఆయన కొడుకు డబ్బుతో. నార్త్‌బ్రూక్ స్ట్రీట్‌లో ఆయన ఇంటి ముక్క ఒకటి మిగిలింది. పక్క సందులోకి తిరిగి తల ఎత్తితే కర్ర చట్రం గోడ కనిపిస్తుంది. మెయిన్ రోడ్డు మీద షాపింగ్ సంచులతో పోయేవాళ్ళు దాన్ని చూడగా నేనెప్పుడూ చూడలేదు. ఆ వ్యాపారం దెబ్బతిన్నాక, పేదవాళ్ళకి నేత పని కల్పించడానికి జాన్ కెండ్రిక్ అనే వ్యాపారి వదిలి వెళ్ళిన సొమ్ముతో 1627 ప్రాంతంలో క్లాత్ హాల్ కట్టారు. ఇప్పుడది మ్యూజియం. 1862లో ధాన్యం బేరాలకి కట్టిన కార్న్ ఎక్స్ఛేంజ్‌లో ఇప్పుడు నాటకాలు వేస్తారు, సినిమాలు చూపిస్తారు. మీరు మారలేదంటున్నది గోడల గురించి. ఆ గోడల మధ్య బతుకుతెరువు ఒక్కటీ పాతది మిగల్లేదు.

శ్రద్ధ సంగతికి వస్తాను. మేమున్న బిల్డింగ్ లిస్టెడ్, గ్రేడ్ 2. అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉన్నదన్నమాట. లోపలా బయటా దాని రూపు మారే పని ఏది చేయాలన్నా పర్మిషన్ కావాలి. కిటికీలకి పాతకాలపు ఒంటి అద్దాలు. జనవరిలో కిటికీ బిగించి ఉన్నా కర్టెన్ ఊగేది. మా ఆవిడ వంటింట్లో కూడా స్వెటర్, దాని మీద శాలువా. డబుల్ గ్లేజింగ్, అంటే చలి ఆపే జంట అద్దాలు, వేయించమని ఓనర్ని అడిగితే, అది నా చేతుల్లో లేదన్నాడు. అద్దె పెంచడం మాత్రం ప్రతి ఏడూ ఆయన చేతుల్లోనే ఉండేది.

మా కింద ఒక బ్యాంకు బ్రాంచి ఉండేది. అది మూసేశారు. చాలా నెలలు ఖాళీగా పడి ఉండి, ఒకరోజు ఎదుటి దీపస్తంభానికి ప్లాస్టిక్ కవర్లో ఒక నోటీసు కట్టారు. ఎవరో వేప్ షాపు, అంటే ఈ-సిగరెట్ల కొట్టు, పెడుతున్నారట, బోర్డు మార్చుకోవడానికి దరఖాస్తు. పక్క వాటాలో ఒక పెద్దావిడ ఉండేది, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ ఆ సాయంత్రమే మా తలుపు కొట్టింది. "అభ్యంతరం రాయాలి, కౌన్సిల్ మీటింగుకి కూడా రావాలి. ఇక్కడ ఉంటున్నావు కదా, నీకూ హక్కుంది" అంది. సరే, నాకు కూడా చూడాలని ఉంది, వెళ్ళాను.

ఒక పాత హాలు, పొడుగు టేబుల్, గోడ నిండా చనిపోయిన పెద్దల పటాలు. షాపు పెట్టబోయే కుర్రాడు కొత్త కోటు వేసుకుని ఒక మూల కూర్చున్నాడు. చర్చ మొదలైంది. ప్లాస్టిక్ అక్షరాలు కుదరవు, లోపల లైటు వెలిగే బోర్డు అసలు కుదరదు, చెక్క పలక మీద పెయింటు చేయించాలి. ముదురు ఆకుపచ్చా, నలుపా? ఒకాయన ఏదో పాత ఫొటో తెచ్చాడు, అందులో ఇనుప బ్రాకెట్ ఉంది, అలాంటిదే పెట్టించాలన్నాడు. ఇంకొకాయన ఆ బ్రాకెట్ ఆ ఫొటో కంటే కొత్తదిలా ఉందన్నాడు. దాని మీద మళ్ళీ వాదన. నేను గడియారం చూసుకోవడం మానేశాను.

చివరికి పెద్దావిడ లేచింది. "బ్యాంకు పోయింది. నా ఈడు వాళ్ళు పెన్షన్ తీసుకోవడానికి బస్సెక్కాలి. బ్రాకెట్ గురించి ఇంతసేపు మాట్లాడారు, దాని గురించి ఒక్కరూ అడగరేం?" అంది. హాలంతా నిశ్శబ్దం. అధ్యక్షుడు చాలా మర్యాదగా, అది మా పరిధిలోకి రాదమ్మా అన్నాడు. నిజమే, రాదు. 2020 సెప్టెంబర్ నుంచి ఇంగ్లాండ్‌లో దుకాణం, బ్యాంకు, కెఫే, ఆఫీసు అన్నీ క్లాస్ ఈ అనే ఒకే తరగతి కింద కలిపేశారు. ఒకటి మూసి ఇంకొకటి తెరవడానికి ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. అనుమతి కావలసింది బోర్డుకే!

ఇంతదూరం వచ్చాను కదా అని నేను నా కిటికీల మాట ఎత్తాను. అందరూ నవ్వారు. నేను జోకేశాననుకున్నారు.

షాపు తెరిచారు. నల్ల పలక, బంగారు రంగు అక్షరాలు, పైన వంపు తిరిగిన ఇత్తడి దీపం. పొగ అమ్మే కొట్టుకి సంస్థానం దివాణానికి ఉండాల్సిన బోర్డు వచ్చింది. వీకెండ్ వస్తే టూరిస్టులు దాని ఫొటోలు తీసుకునేవారు. మీరు చూసి ముచ్చటపడిన "మారని ఊరు" ఫొటోల్లో అది కూడా ఉండొచ్చు.

దీన్ని శ్రద్ధ అంటారో ఇంకేమంటారో మీరే చెప్పండి. నా లెక్కలో అది చట్టం, దాని వెనక ఉత్తరాలు రాసే ఓపిక. 1947 చట్టంతో పాత భవనాల జాబితాలు మొదలయ్యాయి, 1967 చట్టంతో కన్జర్వేషన్ ఏరియాలు, అంటే వీధులకి వీధులే పాత రూపుతో కాపాడే ప్రాంతాలు, వచ్చాయి. జాబితాకి ఎక్కింది బతికింది, ఎక్కనిది పోయింది. ఈగిల్ ఐరన్ వర్క్స్ అని ప్లెంటీ వాళ్ళ ఫౌండ్రీ ఒకటి ఊరి మధ్యలోనే ఉండేది. నాగళ్ళు, లైఫ్‌బోట్లు చేసిన పేరున్న కంపెనీ. 1970ల్లో ఆ చోట కెన్నెట్ సెంటర్ అనే షాపింగ్ సెంటర్ లేచింది, ఎర్ర ఇటుక డబ్బా. తర్వాత దాన్ని కూడా పడగొట్టి ఫ్లాట్లు కట్టాలని ప్లాన్లు వేశారు. గొడవలో పెద్ద భాగం ఎన్ని అంతస్తులన్న దాని మీద నడిచింది. పడగొడితే నాకైతే బాధ లేదు. మన దగ్గర కూడా అడ్డుకున్న చోట ఆగుతోంది. హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చబోతే 2019లో హైకోర్టు ఆపలేదా? అక్కడ శ్రద్ధ ఉన్నవాళ్ళు కేసు వేశారు, అంతే తేడా. రక్తంలో ఉంటుంది, సంస్కారం ఉంటుంది లాంటి మాటలు నాకు చిరాకు.

ఇక వీధుల సంగతి. సౌతాంప్టన్ రేవు నుంచి మిడ్‌ల్యాండ్స్ పోయే లారీలన్నీ ఒకప్పుడు ఈ ఊళ్ళోంచే పోయేవి. 1996లో బైపాస్ పని మొదలైతే, చెట్లు కొట్టనివ్వమని జనం చెట్ల మీదే కాపురం పెట్టారు. దాదాపు 10,000 చెట్లు పోయాయి. రోడ్డు 1998లో తెరిచారు. మా పెద్దావిడ బైపాస్ కావాలన్న పక్షం. "లారీ పోతే కప్పులు గలగలమనేవి, చెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఎంతమంది ఈ ఊరివాళ్ళు?" అనేది. నేను కూడా ఆవిడ పక్షమే. నార్త్‌బ్రూక్ స్ట్రీట్‌లో పగటిపూట కార్లు లేకుండా పిల్లల్ని వదిలి నడవగలిగామంటే అది ఆ రోడ్డు చలవే అని నా అభిప్రాయం. కానీ లారీలు పోయిన దారినే కొనేవాళ్ళు కూడా పోయారు. ఊరి దక్షిణాన రిటైల్ పార్క్, పార్కింగ్ ఫ్రీ. ఇంకెవరు వస్తారు ఊళ్ళోకి?

వాళ్ళని రప్పించడానికని 2011లో పార్క్‌వే అని కొత్త షాపింగ్ వీధి తెరిచారు. అందులో జాన్ లూయిస్ వాళ్ళ షాపు 2020లో మూసేస్తున్నామన్నారు. డెబెన్‌హామ్స్ గొలుసు మొత్తం 2021లో పోయింది. పాతవాటిలో గట్టిగా నిలబడింది క్యాంప్ హాప్సన్. క్యాంప్ వాళ్ళది బట్టల కొట్టు, హాప్సన్ వాళ్ళది ఫర్నిచర్. రెండు కుటుంబాలు వియ్యమందుకుని 1921లో కొట్లు కలిపేశారు. తర్వాత యాజమాన్యం చేతులు మారినా పేరు మాత్రం అదే. ఆ వియ్యం కథ నాకు చాలా ఇష్టం, మన ఊళ్ళలో కోమట్ల వీధి కథలానే ఉంటుంది. 2013 నుంచి ఆఫీసుల్ని ఫ్లాట్లుగా మార్చడం కూడా ఇంగ్లాండ్‌లో సులువైపోయింది. దాంతో ఒకప్పుడు మనవాళ్ళు కోడింగ్ చేసిన గదుల్లాంటి వాటిలో ఇప్పుడు మనవాళ్ళే అద్దెకి ఉంటున్నారు. కనీసం వాటికి డబుల్ గ్లేజింగ్ ఉంది.

ఇంత చెప్పినా చూడాలనిపిస్తే గురువారమో శనివారమో వెళ్ళండి, మార్కెట్ ప్లేస్‌లో సంత ఉంటుంది. పొద్దున్నే వెళితే మంచిది. అక్కణ్ణించి కెనాల్ వంతెన మీదికి రండి. 1810లో పూర్తయి, తర్వాత పాడుబడిన ఆ కాలువని వాలంటీర్లు ఏళ్ళ తరబడి పూడిక తీసి బాగు చేశారు. 1990లో ఎలిజబెత్ రాణి వచ్చి మళ్ళీ తెరిచింది. శ్రద్ధ అనే మాట వాడాలంటే నేను అక్కడ వాడతాను. రైల్లో వెళ్ళండి, స్టేషన్ దగ్గరే. ఊళ్ళో కార్ పార్కింగ్‌తో నేను పడ్డ బాధలు, కాస్త ఆలస్యానికి కట్టిన ఫైను, దాని మీద నేను రాసిన ఉత్తరాలు, వాటికి వచ్చిన జవాబులు... అవి ఎవరైనా వేరే ప్రశ్నగా అడిగితే తీరిగ్గా రాస్తాను.