అల్లుడూ, నువ్వు పంపిన డెన్వర్ వీడియోలు చూశాను

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని తలుస్తున్నాను అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నాలుగు రోజుల కిందట రాత్రి పదకొండింటికి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, వీడు బెంగళూరులో ఎవడో నూరు కిలోల వాడితో కొట్టుకుంటాడట, నువ్వైనా చెప్పు" అని ఏడ్చింది. నేను నిద్రమత్తులో "ఎన్ని రౌండ్లట?" అని అడిగాను. అప్పట్నుంచి నాతో మాట్లాడటం మానేసింది. మీ అత్తయ్య కూడా ఆవిడ పార్టీయే. కాఫీ గ్లాసు టేబుల్ మీద ఠంగుమని పెట్టి వెళ్లిపోతోంది.

నిజం చెప్పాలంటే ఆ మర్నాడు పొద్దున్నే వాకింగ్‌లో ముగ్గురికి చెప్పాను, గుద్దులూ కుస్తీ పట్లూ అన్నీ చెల్లే MMA పోటీకి మా మేనల్లుడు కేజ్‌లోకి దిగుతున్నాడని. ఈ సంగతి మీ అమ్మకి చెప్పకు.

నువ్వు వీడియోలతో పాటు పెట్టిన మెసేజ్ మళ్లీ చదివాను. "మామయ్యా, 1993లోనే 80 కిలోల రాయిస్ గ్రేసీ అందరినీ పడేశాడు. ఇప్పటి స్కిల్‌తో నాలాంటి వాణ్ణి ఆ టోర్నమెంట్‌లో వదిలితే సైజు ఒక లెక్కే కాదు" అన్నావు. (ఆయన బ్రెజిల్ మనిషి, కింద పడేసి పీకా కీళ్లూ బిగించే జియు జిత్సు విద్య వాడు. పేరు హోయిస్ అని పలకాలట. నాకు నోరు తిరగదు, రాయిస్ అనే రాస్తాను.) ఒరేయ్, ఏ విద్య వాడైనా బరువు లెక్క లేకుండా దిగిన ఆ మొదటి UFC టోర్నమెంట్ క్యాసెట్లు నువ్వు పుట్టకముందే చూశాను. మా స్నేహితుడి కొడుకు అమెరికా నుంచి తెస్తే, అద్దె వీసీఆర్ మీద తెల్లవార్లూ చూశాం. నాకూ నీలాగే ఒళ్లు ఊగిపోయింది. రెండోసారి చూసినప్పుడు మాత్రం గెలిచినవాణ్ణి వదిలేసి ఓడినవాణ్ణి చూశాను. నువ్వూ అలా చూడు.

1993 నవంబర్ 12, డెన్వర్. మొదటి బౌట్‌లో సుమారు 185 కిలోల సుమో మనిషి టైలా టూలీ, ఎదురుగా డచ్చివాడు గోర్డో. 26 సెకన్లలో అయిపోయింది. పెద్దాయన ముందుకి తూలి పడితే కాలు మూతికి తగిలింది, పన్ను ఎగిరిపోయింది. సరే, సైజు ఓడింది. గోర్డో కాలు చూశావా? పంటి ముక్క పాదంలో దిగబడిపోయింది, చెయ్యి కూడా విరిగింది. ఆ కాలితోనే ఫైనల్ దాకా వచ్చాడు. ఇక బాక్సర్ జిమ్మర్సన్ ఒక చేతికే గ్లౌజు తొడుక్కుని వచ్చాడు. గ్రేసీ మీదెక్కి కూర్చోగానే, పీక పట్టకముందే ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పేసుకున్నాడు. అది చూసి నవ్వకు. కింద పడ్డాక ఏం జరుగుతుందో ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. చీకటి గదిలోకి తోసినట్టే కదా. ఆ గదిలో స్విచ్ ఎక్కడుందో గ్రేసీ ఒక్కడికే తెలుసు.

కాబట్టి నువ్వడిగినదానికి నా జవాబు ఇది. నాలుగేళ్లు జియు జిత్సు నేర్చిన నిన్ను ఆ రాత్రికి పంపితే జిమ్మర్సన్ లాంటి వాళ్లని పట్టేస్తావు, నాకు అనుమానం లేదు. కానీ నీ ముందు నిలబడేవాడు 1993 మనిషి కాడు. నీకు తెలిసింది వాడికీ తెలిసి, పైన ముప్ఫై కిలోలు ఎక్కువుంటే ఆ ముప్ఫై కిలోలు కూడా విద్యే అవుతాయి. అప్పటి రహస్యం ఇప్పుడు సిలబస్. 2006లో అదే గ్రేసీ అప్పటి UFC ఛాంపియన్ మ్యాట్ హ్యూజ్ మీదకి వెళ్లాడు. 175 పౌండ్ల లెక్కన ఇద్దరిదీ ఒకటే బరువు. గ్రేసీ మొదటి రౌండ్ కూడా దాటలేదు. వయసు అయిపోయింది అంటావు. కొంత నిజమే. ఎదుటివాడు సిలబస్ మొత్తం చదివేసుకుని వచ్చాడన్నది మిగతా నిజం.

ఇంకో సంగతి జూడో కూడా తెలిసినవాడిగా నాకే కనబడుతుంది. గ్రేసీ ఒంటి మీద గీ, అంటే జూడో వాళ్లు తొడిగే మందపాటి బట్ట, ఉంది. ఆ గీ కాలర్, ఆ చేతుల గుడ్డ ఎదుటివాణ్ణి పట్టి ఉంచడానికి ఎంత పనికొస్తాయో నీకు చెప్పక్కర్లేదు. నీ బౌట్‌లో చొక్కా కూడా ఉండదు. రెండో రౌండ్‌కి వాడు చెమటతో నూనె రాసిన స్తంభంలా ఉంటాడు. అన్నిటికంటే పెద్దది టైమ్. 1994 డిసెంబర్‌లో టల్సా UFCలో డాన్ సెవెర్న్ గ్రేసీ కంటే ముప్ఫై కిలోల పైనే బరువు. అసలైన రెజ్లర్. గ్రేసీ పావుగంట పైగా ఆయన కింద పడి ఉండి, 15 నిమిషాల 49 సెకన్లకి కాళ్లతో పీక బిగించాడు. బౌట్లు ఎంత సాగాయంటే టీవీ ప్రసారం టైమ్ అయిపోయి చాలామందికి ఆ చివర కనబడనే లేదు. ఆ తర్వాతే టైమ్ లిమిట్ పెట్టారు. చిన్నవాడి పెట్టుబడి ఓపికరా, ఓపికకి టైమ్ కావాలి. నీకున్నది మూడు నిమిషాల రౌండ్లు మూడు. తొమ్మిది నిమిషాల్లో సెవెర్న్ ఇంకా పైనే ఉన్నాడు.

బరువు గెలవకపోయినా గెలవనివ్వదు, అదీ గుర్తుంచుకో. గామా పహిల్వాన్ 1910లో లండన్ వెళ్లి తనకంటే బరువైన పోలండ్ పహిల్వాన్ జిబిస్కో మీద పడితే, ఆయన మ్యాట్ మీద బోర్లా పడుకుని లేవనే లేదు. రెండున్నర గంటలు గామా అంతటివాడు కదిలించలేకపోయాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత పటియాలాలో ఒక్క నిమిషం లోపే చిత్తు చేశాడనుకో. కోచింగ్ కోర్సుకి పటియాలా వెళ్లినప్పుడు ఆ కథ మాకు రోజూ ఎవరో ఒకరు చెప్పేవారు. లండన్ కథ మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

నువ్వు పంపని బౌట్ ఒకటుంది. 1996 ఫిబ్రవరిలో ప్యూర్టోరికోలో జరిగిన UFCలో చిన్నవాళ్లనీ పెద్దవాళ్లనీ కావాలనే జతకట్టారు. డాన్ ఫ్రై 8 సెకన్లలో కొండంత మనిషిని పడేసింది అందరూ చూపిస్తారు. అదే రాత్రి పాల్ హెరేరా అనే కాలేజీ రెజ్లర్, తనకంటే బాగా బరువైన గుడ్రిడ్జ్ కిందకి పట్టుకి దూరాడు. గుడ్రిడ్జ్ వాడి చేతులు రెండూ ఇరికించేసి మోచేత్తో గుద్దాడు. 13 సెకన్లు. హెరేరా చేసింది తప్పు పట్టు కాదు, సరైన పట్టే. ఆ బౌట్ చూసినప్పుడల్లా నా కుడి భుజం సలుపుతుంది. మరుసటి ఏడాదే UFC వాళ్లు 200 పౌండ్ల దగ్గర గీత గీసి రెండు తరగతులు చేశారు.

భుజం సంగతి నీకు సైకిల్ మీంచి పడ్డానని చెప్పాను కదా. అబద్ధం.

1983లో నాకు ఇరవై మూడేళ్లు, 63 కిలోలు. విజయనగరంలో కోడి రామమూర్తి నాయుడు గారి పేరు తలుచుకుని దండాలు, బస్కీలు తీసిన ఒళ్లు. పక్క ఊరి తీర్థంలో కుస్తీ పోటీ పెట్టారు. ఇత్తడి బిందె, 116 రూపాయలు. బరువు చూడటాలు లేవు. నా వంతుకి వచ్చినవాడు జూట్ బేళ్లు మోసే మనిషి, నూరు కిలోలకి తక్కువుండడు. కుస్తీ ఎప్పుడూ పట్టలేదని చూడగానే తెలిసింది. గోదాలో చెప్పులతో దిగబోతే ఎవరో అరిచి విప్పించారు.

వాడు చెయ్యి చాపాడు. చెయ్యి పట్టుకుని తిరిగి, నడుం కిందకి దూరి ధోబీపాట్ వేశాను. అంత మనిషీ నా వీపు మీంచి వెళ్లి ఇసకలో పడ్డాడు. ఈలలు, కేకలు. కానీ పక్కకి పడ్డాడు, భుజాలు రెండూ నేలకి ఆనలేదు. లెక్కలోకి రాదు. లేచి నిలబడ్డాడు, ఒళ్లంతా ఇసక, బిత్తర చూపులు. నేనప్పుడు చుట్టూ తిరగాలి. వాణ్ణి నడిపించాలి, ఆయాసపెట్టాలి. ఇంకో పది నిమిషాల్లో వాడంతట వాడే కూలిపోయేవాడు. మా గురువుగారు గట్టు మీంచి "తిరుగు, తిరుగు" అంటూనే ఉన్నారు. జనం "మళ్లీ, మళ్లీ" అన్నారు. నాకు జనమే వినబడ్డారు.

అదే పట్టుకి మళ్లీ దూరాను. ఈసారి వేళ్లలో మొదటిసారి ఉన్న బిగువు లేదు. వాడు ఏమీ చేయలేదురా. భయపడి నా మీదకి ఒరిగాడు, అంతే. మోకాలు మడత పడింది, భుజం నేలకి తగిలింది, నూరు కిలోలు దాని మీద పడ్డాయి. ఎండు కందిపుల్ల విరిగిన చప్పుడు వినబడింది. అది నా కంటెముక అని తెలియడానికి కాస్త టైమ్ పట్టింది. పాపం, నన్ను భుజాన వేసుకుని బండి దాకా మోసింది ఆ మనిషే. దారంతా "నానేటి సేసినాను బాబూ, మీద పడిపోనానంతే" అంటూనే ఉన్నాడు. నాటు కట్టు కట్టారు, ఎముక వంకరగా అతికింది. ఇప్పటికీ కుడి చెయ్యి చెవి దాకానే లేస్తుంది. పోటీలు ఆ రోజుతో సరి. అందుకే కోచింగ్ కోర్సు, అందుకే డ్రిల్ మాస్టారి ఉద్యోగం.

సైకిల్ కథ అల్లింది మీ అమ్మ. అప్పటికి పదిహేనేళ్లది. మా అమ్మకి తెలిస్తే గోదా మాన్పించేస్తుందని, రెండు నెలలు స్కూలుకి వెళ్లేముందు నాకు చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, తల దువ్వి వెళ్లేది. ఇప్పుడు ఫోన్‌లో ఎందుకు ఏడ్చిందో అర్థమైందా? ఆ చప్పుడు ఆవిడ వినలేదు కానీ ఆ గుండీలు మర్చిపోలేదు. గురువుగారు మంచం దగ్గరకి వచ్చి, "మొదటిది నువ్వు వేశావు, రెండోది జనం వేయించారు" అని లేచి వెళ్లిపోయారు.

సరే, పనుల్లోకి వస్తాను. మౌత్‌గార్డ్, డాక్టర్ పరీక్ష, ముందురోజు నిద్ర నీకు తెలిసినవే. రూల్స్ కాగితం మీద తీసుకో. ఎత్తి నేలకేసి కొట్టడం, అంటే మీరు స్లామ్ అనేది, ఉందో లేదో చూడు. వాడి బరువు అడగడం మానేసి వాడేం నేర్చాడో అడుగు. ఏ జిమ్, ఎన్నేళ్లు, చిన్నప్పుడు కుస్తీ పట్టాడా? ఏమీ రాని బాడీబిల్డర్ అయితే నాకు సగం టెన్షన్ తగ్గుతుంది. అఖాడాలో పెరిగినవాడైతే, అల్లుడూ, వద్దని చెప్పెయ్. డెబ్బై, డెబ్బై అయిదు కిలోల వాణ్ణి చూడమను. నామోషీ ఏమీ లేదు.

ఒక్కటి మాత్రం నాకు ప్రమాణం చెయ్. కింద నుంచి వాడి పీకకో చేతికో కాళ్లు చుట్టినప్పుడు నీ వీపు నేల వదిలిందనుకో, వెంటనే కాళ్లు విప్పెయ్. ఆశపడి వేలాడకు. 2002లో టోక్యోలో బాబ్ సాప్ తన కంటే యాభై కిలోల పైనే తక్కువున్న జియు జిత్సు వీరుడు నొగేరాని ఎత్తి తలకిందులుగా దించాడు. ఆయన బతికి, రెండో రౌండ్‌లో చెయ్యి పట్టి గెలిచాడు కూడా. ఆయన మెడ వేరు. నీ మెడకి నూనె రాసి పెంచింది మా చెల్లెలు.

కార్నర్‌లో, అంటే కేజ్ పక్కన నీ తరఫున, నీ దోస్తుల్ని పెట్టుకోకు, వాళ్లు వీడియో తీసుకుంటూ ఉంటారు. 1951లో రియోలో జపాన్ జూడో వీరుడు కిమురా చెయ్యి మెలిపెడితే, రాయిస్ తండ్రి హెలియో గ్రేసీ చావనైనా చస్తాను గానీ ట్యాప్ చెయ్యనన్నట్టే పడున్నాడు, ఓటమి ఒప్పుకుంటూ తువ్వాలు విసిరింది కార్నర్ వాళ్లే. నీదీ ఆ బాపతే, నాకు తెలుసు. నేను వస్తున్నాను. టికెట్ తీశాను. మీ అమ్మ కూడా వస్తానంటే తీసుకొస్తాను, హాల్లోకి రాకపోయినా బయట కూర్చుంటుంది.

కుడి చెయ్యి పైకి లేవదు కనుక ఎడమ చేత్తో తువ్వాలు విసరడం పెరట్లో రెండు రోజులుగా ప్రాక్టీసు చేస్తున్నాను. దండెం దాటి ఒక్కసారీ పడలేదు. ఇవాళ మీ అత్తయ్య కిటికీలోంచి చూసి నవ్వింది. కాఫీ చేతికే ఇచ్చింది.

ఇట్లు,
మామయ్య