తాతగారి పెళ్లి ఫోటోలో కారు ఏది? యాప్‌ని అడగొద్దు

రాజోలు నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "మా తాతగారి పెళ్లి ఫోటో ఇది. వెనకాల 1957 అని రాసి ఉంది. నరసాపురంలో పెళ్లి చేసుకుని తిరిగొస్తుంటే గోదావరి దాటించే పంటు మీద తీశారట. కారు తాతగారిదే అంటారు మావాళ్లు. మసకగా ఉందని ఒక యాప్‌లో పెట్టి క్లియర్ చేయించాను. ఆ బొమ్మతో వెతికితే ఒకసారి అంబాసిడర్ అంటోంది, ఇంకోసారి ఏదో అమెరికా కారంటోంది. ఏది నమ్మాలి? నంబరు కొడితే ఓనర్ పేరు చెప్పే యాప్ ఉంటే చెప్పండి."

రెండూ నమ్మకండి. మీరు పంపిన రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూశాను. అసలు దాంట్లో నంబర్ ప్లేటు మీద మొదటి అక్షరం ఇంగ్లిష్ 'ఎం' లా కనిపిస్తోంది, మిగతావి చెరిగిపోయాయి. యాప్ చేసిన దాంట్లో అక్కడ నల్లగా, దిట్టంగా నాలుగు అంకెలొచ్చాయి. అవెక్కడివి? కారు ముందు జాలీలో గీతలు సగం దూరం వెళ్లి పక్క గీతలో కలిసిపోయాయి. మీ నాయనమ్మగారి బాసికం పెద్ద బొట్టుబిళ్ల అయిపోయింది. ఇలాంటి యాప్ మసక తీసెయ్యదండీ, అంతకుముందు చూసిన లక్షల ఫోటోలని బట్టి అక్కడ ఏముండొచ్చో ఊహించి కొత్తగా గీస్తుంది. అలా గీసిన కారు ఏ కంపెనీ ఎప్పుడూ చెయ్యలేదు, ఇక సెర్చ్‌కి దాని పేరెలా దొరుకుతుంది?

ఒరిజినల్‌లో ముందు తలుపు చూడండి. హ్యాండిల్ డ్రైవర్ భుజం దగ్గర కాకుండా ముందద్దం వైపు ఉంది, అంటే తలుపు కీలు వెనక వైపున్నాయి. అంబాసిడర్‌కి అలా ఉండదు, పైగా అది రోడ్డెక్కిందే 1957-58లో. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు 1954 నుంచి తయారుచేసిన ఫియట్ 1100 తొలి మోడళ్లకి ముందు తలుపులు సరిగ్గా ఇలాగే తెరుచుకునేవి. మడ్‌గార్డులు విడిగా ఉబ్బి లేకుండా బాడీలో కలిసిపోయి ఉండటం కూడా దానికి సరిపోతుంది. కాబట్టి నా ఓటు ఫియట్‌కే. తర్వాతి మోడళ్లలో ఈ తలుపులు మారిపోయాయి, అందుకే దాని తర్వాతి రూపమైన ప్రీమియర్ పద్మిని బొమ్మలతో పోల్చి చూస్తే మీకు తేడా కొడుతుంది. ప్లేటు మీద ఉన్నది నిజంగా 'ఎం' అయితే అది మద్రాసు రిజిస్ట్రేషన్ కావచ్చు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా గోదావరి జిల్లాలూ మద్రాసులోనివే, ఆ తర్వాత కూడా మద్రాసులో కొనుక్కొచ్చిన కార్లుండేవి, అందుకని ప్లేటుని బట్టి ఏడాది తేల్చలేం.

భీమవరం నుంచి వచ్చిన ఇంకో ఫోటోలో స్టీరింగ్ ఎడమవైపు ఉందని సెర్చ్ దాన్ని విదేశీ కారు చేసేసింది. పక్కన నిలబడ్డ ఆవిడ పైట కుడి భుజం మీద ఉంది. స్టూడియోలో నెగెటివ్ తిరగేసి ప్రింట్ వేశారన్నమాట. మనిషి కంటికి వెంటనే దొరికేది ఇలాంటివే.

ఇక ఓనర్ పేరు చెప్పే యాప్. నాకు అసలు టెన్షన్ ఇక్కడే. ఎప్పుడో తుక్కుకి పోయిన కారు వివరాలు ఆన్‌లైన్‌లో ఉండవు. ఇప్పటి బండ్లకి కూడా ప్రభుత్వ వాహన్ సైట్ ఓనర్ పేరుని పూర్తిగా చూపించదు, మధ్య అక్షరాలు దాచేస్తుంది. అయినా 'వెహికల్ ఓనర్ డీటెయిల్స్', 'ఆర్టీఓ చలాన్' అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు, తిరుగుతూనే ఉన్నాయి, బంధువుల నంబర్ నుంచే వస్తాయి కాబట్టి జనం నొక్కేస్తున్నారు. ఇన్‌స్టాల్ అవగానే ఎస్సెమ్మెస్ చదివే పర్మిషన్ అడుగుతుంది, మీరిచ్చారంటే బ్యాంకు ఓటీపీలు మీకన్నా ముందు వాళ్లు చూస్తారు, అదే ఫైలు మీ కాంటాక్టులందరికీ మీ పేరుతో వెళ్తుంది. పొరపాటున నొక్కి ఉంటే ముందు నెట్ ఆపేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యండి, ఆ తర్వాతే ఫోన్ రీసెట్ సంగతి. మళ్లీ చెబుతున్నా, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఎవరు పంపినా తెరవొద్దు.

మీ క్లియర్ యాప్‌కి గ్యాలరీ మొత్తం ఇచ్చారా? అందులో ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, పిల్లల ఫోటోలు అన్నీ ఉంటాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఎంచుకున్న ఫోటోలు మాత్రమే ఇచ్చే వీలుంది, సెట్టింగ్స్‌లో మార్చుకోండి. గుర్తుపట్టమని గ్రూపుల్లో పెట్టాలనుకుంటే కారు వరకే కత్తిరించి పెట్టండి. తాతగారి ఇంటిపేరు, ఊరు, పెళ్లి తేదీ రాశారంటే రేపు 'మీ చుట్టాలమే' అని ఫోన్ చేసేవాడికి సరంజామా అంతా మీరే అందించినట్టు.

ఈ మధ్య ఫోన్ కెమెరాలు కూడా అడక్కుండానే ఆ క్లియర్ యాప్ లాగా ఫోటోని మార్చేస్తున్నాయి, దాని మీద నాకు చాలా కోపంగా ఉంది. పాత ఫోటోని ఫోటో తీస్తే ముఖాలు నున్నగా చేసేస్తాయి, పేపరు గరుకుని చెత్త అనుకుని తుడిచేస్తాయి, ఆపే బటన్ ఎక్కడో నాలుగు మెనూల లోపల ఉంటుంది, కొన్నిట్లో అసలు ఉండదు. ఇంట్లో ఒకే ఒక్క పాత ప్రింటు ఉన్నవాళ్లకి ఇది ఎంత నష్టమో తయారుచేసేవాళ్లు ఒక్కసారైనా ఆలోచించాలి. ఉన్నది ఉన్నట్టు తీసే మోడ్ మొదటి స్క్రీన్ మీద ఉండాలి, అంతే.

ఫోటోని వీలైతే స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయించండి. లేదా మధ్యాహ్నం వసారాలో, ఎండ తగలని చోట, ఫ్లాష్ లేకుండా తీయండి. మన చెమ్మకి ప్రింటు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగకండి, పైపొర ఊడొస్తుంది, అద్దంతోనే తీయించండి.

కారు తాతగారిదేనా అన్నది తలుపుని చూసి నేను చెప్పలేను. బానెట్ మీద పూలదండలున్నాయి, పెళ్లికని అద్దెకో అడిగో తెచ్చినది కూడా కావచ్చు. ఊళ్లో పెద్దవాళ్లకి యాప్ గీసింది కాకుండా ఒరిజినల్ చూపించండి. కారు ఎవరిదని అడిగితే అందరూ మీ తాతగారిదే అంటారు, అందుకని డ్రైవర్ ఎవరో, ఏ ఊరివాడో అడగండి.