నంబరు వేసిన మొద్దు మీదెలా అవుతుంది?

ప్రశ్న: రోడ్డు వెడల్పు పనుల్లో మా వీధి నిద్రగన్నేరును కార్పొరేషన్ నరికించింది. మా నాన్న ఆడుకున్న చెట్టు పొయ్యిలోకి పోతుందన్న బాధతో, నరికే మేస్త్రీకి రెండు వేలు ఫోన్‌పే చేసి నాలుగు మొద్దులు తెచ్చుకున్నాను. లేత్ మీద చెక్క గిన్నెలు చేయడం నా వ్యాపకం. ఏడాదికి పైగా నీడన ఆరబెట్టాక, ఆ కలప వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు లాయరు నోటీసు పంపాడు. అసలు చెట్టు నరకడమే తప్పు కదా? మేస్త్రీ పాత తేదీతో రశీదు రాసిస్తానంటున్నాడు, తీసుకోనా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నాన్నగారి సంగతి అలా ఉంచండి. తేలాల్సింది ఒక్కటే: మేస్త్రీకి ఆ కలప అమ్మే హక్కుందా? లేదు, అతను కూలికి వచ్చినవాడు. తనది కానిది అమ్మినవాడి దగ్గర కొంటే మీకూ హక్కు రాదు (1930 సరుకుల విక్రయ చట్టం, సెక్షన్ 27). వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద నరికివేతకు అనుమతి లేకపోయినా మొద్దు మీదైపోదు.

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. కోసిన వైపు ఎర్ర రంగుతో 17 అని వేసి ఉంది. అంత స్పష్టంగా నంబరు కనబడుతుంటే ఎవరిదని అడగకుండా ఆటోలో వేసుకొచ్చారా? వార్డు సచివాలయంలో ఒక్క మాట అడగాల్సింది.

నేల నుంచి వేరుపడ్డ చెట్టు చరాస్తి, దొంగతనం కేసు పెట్టొచ్చు. అయితే దురుద్దేశం లేనిదే దొంగతనం కాదు. డబ్బిచ్చి తెచ్చుకున్నారు కాబట్టి మీకు ఆసరా ఆ ఫోన్‌పే చెల్లింపే. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ అడిగే సర్టిఫికెట్ జత చేయాలి.

పాత తేదీ రశీదు మాత్రం ముట్టుకోవద్దు! దొంగతనానికి మొదటిసారి గరిష్ఠంగా మూడేళ్లు. కోర్టులో చూపించడానికి తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా. పైగా బోనెక్కితే మేస్త్రీ మొదటి ప్రశ్నకే నిజం కక్కేస్తాడు. మిగిలిన మొద్దులను లేత్ ఎక్కించకండి, ఆ నంబరు చెరపకండి.

ఏడాది దాటిందని ధీమా పడకండి. కలప మీ దగ్గర ఉందని కాంట్రాక్టరుకు తెలిసిన రోజు నుంచి దావాకు మూడేళ్ల గడువుంది.

నోటీసులో చెప్పిన గడువులోపు లాయరు ద్వారా జవాబివ్వండి, వేలం కాగితాలు చూపమనండి. సమాచార హక్కు కింద కార్పొరేషన్‌ను కూడా వేలం జాబితా అడగండి. 17 అందులో లేకపోతే ఆ కాంట్రాక్టరుకు అడిగే హక్కు లేదు, మీరు తేల్చుకోవాల్సింది కార్పొరేషన్‌తోనే. ఉంటే, వేలం ధర లెక్కన చెక్కు ఇచ్చి రాజీ పత్రం రాయించుకోండి, ఆ రోజు తేదీతోనే.