సందేహాలు – సమాధానాలు: పొక్కిన స్క్రీన్‌ప్లే, రచ్చకెక్కిన స్క్రీన్‌ప్లే

సందేహం: హాలీవుడ్ దర్శకుడు క్వెంటిన్ టరంటీనో తీసిన వెస్టర్న్ ‘ద హేట్‌ఫుల్ ఎయిట్’ స్క్రీన్‌ప్లే 2014 జనవరిలో లీకైంది. షూటింగ్ మొదలు కాకముందే అభిమానులు దాన్ని చదివి తెగ చర్చించుకున్నారు. దీని మీద వ్యాసం రాస్తూ ‘స్క్రీన్‌ప్లే పొక్కింది, అభిమానులు రచ్చ చేశారు’ అన్నాను. పొక్కేది చర్మం కదా అని ఒక మిత్రుడు, ‘రచ్చ’ వీధి మాట, వ్యాసంలో పనికిరాదని ఇంకొకరు అంటున్నారు. ఏది ఒప్పు? వెస్టర్న్‌ను ‘పాశ్చాత్య చిత్రం’ అనవచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ.

సమాధానం: ‘రచ్చ’ వీధి మాట అన్న మిత్రుడు తనకు తెలియకుండానే సరిగ్గా చెప్పారు. అది అచ్చంగా వీధి మాటే. ఆ మాట పుట్టిందే వీధిలో.

సంస్కృతంలో ‘రథ్య’ అంటే రథం పోయే దారి. ప్రాకృతంలో అది ‘రచ్ఛా’ అయి, తెలుగులో ‘రచ్చ’గా స్థిరపడింది. వైద్యుడు వెజ్జు కావడం, ఉపాధ్యాయుడు ఒజ్జ కావడం, సంధ్య సంజ కావడం, నిత్యం నిచ్చలు కావడం ఇలాంటివే. రథం పట్టేంత వెడల్పు దారి ఊళ్లో ఎక్కడో ఒకచోటే ఉంటుంది. నలుగురూ చేరేది అక్కడ. చేరినచోట చెట్టు, చెట్టు కింద అరుగు, అదే రచ్చబండ. అరుగు మీద తగువు తీర్చే పెద్దలు, చుట్టూ వినేవాళ్లు, వింటూ మధ్యలో ఒక మాట వేసేవాళ్లు. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నప్పుడు రచ్చ అంటే అల్లరి కాదు, నిండు సభ. ఆ గౌరవం ఇంకా మిగిలి ఉంది కాబట్టే ప్రభుత్వ కార్యక్రమానికి ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకోగలిగారు.

సభ అల్లరిగా ఎప్పుడు దిగజారింది? మన సభలు చూసినవాళ్లకు ఆ సంగతి విడమరచి చెప్పాలా? ‘రాద్ధాంతం’ గతీ అంతే. సంస్కృతంలో అది సిద్ధాంతానికి పర్యాయపదం, వాదించి తేల్చిన నిర్ణయం. మనం ‘ఊరికే రాద్ధాంతం చేయకు’ అంటున్నాం. వాదానికి సంబంధించిన పెద్ద మాట ఏది చేతికిచ్చినా దాన్ని కొట్లాట చేసి పెట్టడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఇప్పుడు సినిమా పోస్టర్ల మీద ‘రచ్చ రచ్చే’ అని చూసినప్పుడల్లా నాకు ఆ పాత రచ్చబండ మీద జాలి వేస్తుంది. అయినా జాలితో అర్థాలు వెనక్కి రావు.

వీధి అన్నాక పాత తెలుగు కావ్యం ‘క్రీడాభిరామం’ గుర్తు రాకుండా ఉండదు. అది రూపకభేదాల్లో, అంటే నాటకాల రకాల్లో, ‘వీథి’ అనే తరగతికి చెందింది. పేరూ వీథి, జరిగేదీ వీధిలోనే. గోవింద మంచనశర్మ, టిట్టిభశెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో పొద్దస్తమానం తిరుగుతూ చూసినదాన్నల్లా చెప్పుకుంటారు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే ఆసాంతం డైలాగులతో నడిచే స్క్రిప్టు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం, ఆ మూలం మనకు దక్కలేదు. తెలుగు చేసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న రచ్చ (పాత అర్థంలోనే) ఇంకా నడుస్తోంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు శ్రీనాథుడిదే అన్నారు. నా మొగ్గూ అటే, కానీ ఇక్కడ ఆ తగువు వద్దు.

ఆ ఇద్దరూ అలా తిరుగుతూ ఒకచోట ఆగుతారు. ఒక స్త్రీ ద్రుతతాళంలో వాద్యం మోగిస్తూ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతోంది. వింటున్న కుర్రవాళ్ల పరిస్థితి ఏమిటి? ‘ప్రత్యక్షరముం గుమారకులు ఫీట్కారంబునం దూలగన్’. ఒక్కో అక్షరానికీ కేకలు పెడుతూ తూలిపోతున్నారట. ఫీట్కారమంటే అరుపు, కేక అని అర్థం చెబుతారు. నాకు మాత్రం ఆ పదం చదివిన ప్రతిసారీ మొదటి ఆటకు నేల టికెట్టులో పడే ఈలే వినిపిస్తుంది. ‘ఫీట్’ అన్న ధ్వని చూడండి, నోట్లో రెండు వేళ్లు పెట్టుకున్నట్టే లేదూ! దీన్ని శాస్త్రంగా నిరూపించమంటే నిరూపించలేను, ఒప్పుకోమని బలవంతమూ పెట్టను.

నాకు ముఖ్యమైంది ఇంకొకటి. ఆ కుర్రవాళ్లకు పల్నాటి కథ కొత్త కాదు. బాలచంద్రుడు యుద్ధంలో ఏమవుతాడో వాళ్లకు ముందే తెలుసు. అయినా అక్షరం అక్షరానికీ కేక వేశారు. స్క్రీన్‌ప్లే బయటికొస్తే సినిమాలో ఏముంటుంది అని బెంగపడ్డ అభిమానులు, చదవనని ఒట్టు పెట్టుకున్నవాళ్లు, చదివి చివర చెప్పేస్తామని బెదిరించేవాళ్లు ఈ పద్యం ఒకసారి చూడాలి. కథ తెలియడం వేరు, పాట వినడం వేరు.

ఇక ‘పొక్కడం’. చర్మం లోపలిది పైకి ఉబ్బితే పొక్కు. దాచిన మాట పైకి తేలితే అదీ పొక్కడమే. మీ మిత్రుడి అభ్యంతరం చెల్లదు, ‘విషయం బయటికి పొక్కింది’ అనడం ఇంటింటా ఉన్నదే. అయితే చిన్న పట్టింపు. పొక్కేది విషయం, సంగతి, గుట్టు. కాగితాల కట్ట పొక్కుతుందా? ‘స్క్రీన్‌ప్లే సంగతి పొక్కింది’ అంటే చెవికి ఇంపుగా ఉంటుంది. రాతప్రతి మొత్తం చేతులు మారితే ‘బయటపడింది’, ‘బయటికొచ్చింది’ చాలు. పైగా పొక్కడం దానంతటదే జరిగేది, కర్త అక్కర్లేదు. టరంటీనో గొడవంతా కర్త గురించే. నమ్మిన ఆరుగురికే ఇచ్చానని, వాళ్లలో ఒకరి వైపు నుంచే బయటికి పోయిందని ఆయన ఆరోపణ. ‘షట్కర్ణో భిద్యతే మంత్రః’ అని పాత మాట, ఆరు చెవులు విన్న రహస్యం పగులుతుందని. ఇక్కడ వేరేవాళ్ల చెవులే పన్నెండు. సంస్కృతంలో రహస్యం పగులుతుంది, తెలుగులో పొక్కుతుంది, ఇంగ్లీషులో కారుతుంది. మనకు ‘కారింది’ అతకదు కాబట్టే ‘లీకైంది’ని అలాగే తెచ్చుకున్నాం. మాటల్లో దానికి నేను అడ్డు చెప్పను. ‘లీకులు ఇచ్చారు’, ‘లీకు చేయబడింది’ అని రాసేవాళ్ల మీదే నా కోపం. ఆ ‘బడింది’ని తెలుగు వాక్యం మీద ఎందుకు రుద్దుతారో నాకు అంతుబట్టదు.

తాటాకుల కాలంలో ఇంత టెన్షన్ లేదు. ఒకరి కావ్యాన్ని ఇంకొకరు అడగకుండా రాసుకుంటే పుణ్యమే తప్ప దావా లేదు. శ్రీనాథుడివని చెప్పుకునే చాటువులు నోటినుంచి నోటికి పొక్కుతూనే మనదాకా వచ్చాయి. టరంటీనో మాత్రం కోపంతో ఈ సినిమా తీయనని ప్రకటించారు, స్క్రీన్‌ప్లేకు లింకు ఇచ్చిన వెబ్‌సైటు మీద దావా వేశారు, తర్వాత మానుకున్నారు. అసలు ముచ్చట ఏప్రిల్ 19న. లాస్ ఏంజెలెస్‌లో ఒక పాత సినిమా థియేటర్ వేదిక మీద శామ్యూల్ ఎల్. జాక్సన్, కర్ట్ రసెల్, టిమ్ రాత్, బ్రూస్ డెర్న్ లాంటి నటులను కూర్చోబెట్టి, ఆ బయటపడ్డ మొదటి ప్రతినే అందరి ముందూ చదివించారు. రంగసూచనలు ఆయనే చదివారు. అయిదో అధ్యాయం ఇలా ఉండదని, తిరగరాస్తానని అక్కడే చెప్పారు. చివరికి సినిమా 2015 డిసెంబర్ 25న 70 ఎం.ఎం.లో విడుదలైంది.

అందుకని ఆ స్క్రీన్‌ప్లే జనవరిలో పొక్కింది, ఏప్రిల్‌లో రచ్చకెక్కింది అంటే నాకు నచ్చుతుంది. మొదటిది రచయిత ఇష్టం లేకుండా, రెండోది ఆయన ఇష్టపడి. కాకపోతే ‘రచ్చకెక్కడం’లో ఈనాడు పరువు పోయిందన్న ధ్వని ఉంది. పాత అర్థం తెలియని పాఠకుడు అపార్థం చేసుకోవచ్చు. ‘రచ్చ చేశారు’ అంటే మాత్రం గోల చేశారనే. మీ అభిమానులు గోలే చేసి ఉంటే నిక్షేపంగా రాయండి. కుదురుగా కూర్చుని మొదటి ప్రతిలోని అధ్యాయాలను పోల్చి చూసుకుని ఉంటే ‘చర్చించుకున్నారు’ అనండి. రెండూ చేసి ఉంటారు కాబట్టి నిర్ణయం మీదే.

‘పాశ్చాత్య చిత్రం’ వద్దే వద్దు. అలాగైతే ఇటలీ ప్రేమకథా పాశ్చాత్య చిత్రమే. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చినప్పటి నుంచి మన ప్రేక్షకులు ‘కౌబాయ్ సినిమా’ అంటున్నారు. గుర్రాలకంటే మంచులో చిక్కుకున్న గదే ఎక్కువగా కనిపించే ఈ సినిమాకు అది సరిపోదనిపిస్తే ‘వెస్టర్న్’ అనే ఉంచండి. స్క్రీన్‌ప్లేకు మన పాత టైటిళ్లలో ‘చిత్రానువాదం’ అని ఉండేది. అది వాడతానంటే సంతోషమే.