రిపోర్టులు వేరుచేయాలంటే అన్నీ ఒకచోటికి తేవాలా?

ప్రశ్న: ఒంగోలులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో కంప్యూటర్ పని చూస్తాను. చీమకుర్తి, సింగరాయకొండ, కందుకూరుల్లో మాకు కలెక్షన్ సెంటర్లున్నాయి. ఒక్కోచోట ఒక్కో సిస్టం. ఎక్కడెక్కడ పేషెంట్ల వివరాలున్నాయో చూసి, గోప్యంగా ఉంచాల్సినవి వేరుచేయమని మా సార్ చెప్పారు. అన్ని ఫైళ్లూ ఒక హార్డ్‌డిస్కులోకి తెచ్చి ఒకేసారి స్కాన్ చేద్దామనుకుంటున్నాను. పర్వాలేదా? నా పేరు వేయకండి.
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: అలా చేయొద్దమ్మా. ఇప్పుడు నాలుగుచోట్ల విడివిడిగా ఉన్నవన్నీ అప్పుడు ఒకే డిస్కులో దొరుకుతాయి. అది ఏ ఆటోలోనో మర్చిపోతే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. స్కాన్ చేసే ప్రోగ్రాంనే ఒక్కో సెంటరుకు పంపండి. చదవడమంతా అక్కడి సిస్టంలోనే జరగాలి. మీ దగ్గరికి రావాల్సింది ఏ ఫైలు, ఏ కాలమ్, ఏ రకం సమాచారం, అంతే. ‘ఇక్కడ ఆధార్ ఉంది’ అని వస్తే చాలు, ఆ నంబరు రాకూడదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు శాంపిల్ పేరుతో దొరికిన నంబర్లనే రిపోర్టులోనూ, చేసిన పనంతా రాసుకునే లాగ్ ఫైల్లోనూ పెట్టేస్తాయి. మొట్టమొదట ఆ సెట్టింగ్ వెతికి ఆపేయండి.

ఫైలు పేర్లు కూడా చూసుకోండి. చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లకు రాతిదుమ్ము వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు భయం ఉంటుంది, ఛాతీ ఎక్స్‌రేలు తీయించుకుంటారు. మనిషి పేరూ జబ్బు పేరూ కలిపి ఫైలు సేవ్ చేసి ఉంటే, దాన్ని తెరవక్కర్లేదు, విషయం బయటే కనబడుతోంది. అలాంటి పేర్లు మీ జాబితాలోకి ఎక్కితే ఆ జాబితాకు కూడా తాళం వేయాల్సిందే.

ఆధార్‌ను పట్టుకోవడం తేలికే. 12 అంకెలు, మొదటిది 0 గానీ 1 గానీ ఉండదు, చివరి అంకె ముందున్న పదకొండింటిని బట్టి లెక్కగట్టి వస్తుంది. ఈ చివరి అంకె లెక్క సరిచూస్తే, మీ ల్యాబు బిల్లు నంబర్ల లాంటివి 12 అంకెలున్నా పదింట తొమ్మిది అక్కడే పక్కకు పోతాయి. పాన్ అయితే ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. అసలు టెన్షన్ రిమార్క్స్ కాలమ్‌తో. అక్కడ ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ‘మూడో నెల, ఇంట్లో చెప్పొద్దన్నారు’ అని కూడా రాస్తారు. ఏ అంకెల నమూనాకూ అది చిక్కదు. అలాంటి కాలమ్‌ను ఏమీ ఆలోచించకుండా మొత్తంగా గోప్యం కింద పెట్టేయండి. ఫోన్లో ఫొటో తీసి పెట్టిన రిపోర్టులనూ అలాగే.

పేర్లు తీసేస్తే చాలనుకుంటారేమో, చాలదు. నేను నెల్లూరులో ఆసుపత్రి రికార్డుల పని చూసే రోజుల్లో, పేర్లు తీసేశాం, ఇక భయం లేదంటూ ఒకచోట జాబితా చూపించారు. అందులో ఊరు, వయసు, ఆడా మగా, ఇంటిపేరు ఉన్నాయి. పక్కన టీ గ్లాసులు సర్దుతున్న అటెండర్ ఒక వరస చూసి, ‘ఈమె మా వీధే సార్’ అన్నాడు. ఆ వరసలో ఆమెకు చేసిన పరీక్ష కూడా ఉంది. అమెరికాలో లతాన్య స్వీనీ అనే పరిశోధకురాలు పేర్లు తీసేసిన ఆసుపత్రి రికార్డుల్లోంచి మసాచుసెట్స్ గవర్నరు రికార్డునే గుర్తుపట్టి చూపింది. పిన్‌కోడు లాంటి జిప్ కోడు, పుట్టినతేదీ, ఆడా మగా, ఈ మూడూ తెలిస్తే ఆ దేశంలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని 2000లో లెక్కగట్టింది. మన పల్లెల్లో అంత కూడా అక్కర్లేదు, ఊరూ ఇంటిపేరూ ఉంటే సగం పని అయిపోయినట్టే. అందుకే ఈ కాలమ్‌లను విడివిడిగా మామూలువని రాసినా, ఒకే ఫైల్లో కలిసి ఉంటే ఆ ఫైలంతా గోప్యమని రాయండి. పుట్టినతేదీ బదులు వయసు గుంపు, ఊరి బదులు మండలం పెట్టండి.

ఒకే పేషెంటు రెండు సెంటర్లలో ఉన్నారో లేదో చూడ్డానికి ఆధార్‌ను హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పి చదవలేని కోడ్‌గా మార్చి, పోల్చమని ఎవరైనా చెప్పవచ్చు. ఉత్త హ్యాష్ సరిపోదు. ఆధార్‌కు కుదిరే నంబర్లు మొత్తం సుమారు 8,000 కోట్లు. గేమ్స్ ఆడే కంప్యూటర్‌కు అన్నిటినీ హ్యాష్ చేసి, ఏది సరిపోతుందో చూసి అసలు నంబరు పట్టుకోవడం నిమిషాల పని. పాస్‌వర్డు లాంటి రహస్య కీ కలిపి హ్యాష్ చేయండి, ఆ కీ ఏ సెంటరు ఫైళ్ల పక్కనా ఉండకూడదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2011 నాటి ఐటీ నియమాల్లో వైద్య రికార్డులు, బయోమెట్రిక్స్, పాస్‌వర్డుల వంటివి ‘సున్నితమైన’ సమాచారమని విడిగా చెప్పారు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఆ విభజన లేదు. మనిషిని గుర్తించగల ప్రతి వివరానికీ రక్షణ ఇవ్వాల్సిందే, భద్రత లోపిస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. హెచ్‌ఐవీ ఫలితాలకు 2017 చట్టం విడిగా ఉంది, వాటిని వేరే ఫోల్డర్‌లో వేరే పాస్‌వర్డుతో ఉంచండి. మీ సార్‌కు ఈ పేరా చూపించండి.

ప్రశ్న: ఫైలును ఏఐ చాట్‌లోకి ఎక్కించి, ‘గోప్యమైనవి చెప్పు’ అంటే తేలిగ్గా అయిపోదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఎక్కించిన క్షణమే ఆ వివరాలు మీ చేయి దాటిపోతాయి తమ్ముడూ. కాలమ్‌ల పేర్లు మాత్రం ఇచ్చి, మీరే కల్పించిన ఐదారు వరసలు చూపి, వేరుచేసే ప్రోగ్రాం రాయమని అడగండి. పేర్లకు రాము, సీత అని పెట్టినా చాలు. ప్రోగ్రాం వచ్చాక ముందు ఆ కల్పిత వరసల మీద నడిపి చూడండి. సరిగా పనిచేస్తోందని తేలాక నెట్ ఆపేసి, మీ సిస్టంలోనే అసలు ఫైలు మీద నడపండి.