'మిశ్రమ స్పందన' అన్న మాట కొట్టెయ్

చిరంజీవికి,

'రిపర్ స్ట్రీట్' అనే బ్రిటిష్ టీవీ సీరియల్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. లండన్‌లోని వైట్‌చాపెల్ పేట సందుల్లోని ఆ పొగనీ బురదనీ బాగా పట్టుకున్నావు. దానికంటే నాకు నచ్చింది, పదకొండు మందిని కూర్చోబెట్టి అడిగి వాళ్ల అభిప్రాయాలు రాసుకోవడం. అంత ఓపిక ఈ రోజుల్లో అరుదు. కానీ అందరి మాటలూ తెచ్చి చివర్లో ఒక్క వాక్యంలో కలిపేశావు: "మొత్తానికి ప్రేక్షకుల నుంచి మిశ్రమ స్పందన వచ్చింది." ముందు ఆ వాక్యం కొట్టేసి, తర్వాత ఈ ఉత్తరం చదువు.

అది అబద్ధమని కాదు. ఆ మాట రాసిన చోట పదకొండు మందిలో ఒక్కరి గొంతూ వినపడదు. "నచ్చలేదు" అన్న ప్రతి మనిషి మనసులోనూ ఏదో ఒక సీను ఉంటుంది. ఆ సీను ఏదో అడిగి తెలుసుకోవాలి, అంతవరకూ ఆ అభిప్రాయం నీ చేతికి వచ్చినట్టు కాదు.

మీ అక్కనే తీసుకో. మొదటి ఎపిసోడ్ సగంలో ఆపేసిందని రాసి, "హింస ఎక్కువైందట" అని ముందుకు వెళ్లిపోయావు. నీ వ్యాసం అసలు అక్కడే మొదలవ్వాలి. 2012 డిసెంబర్ 30న బీబీసీ వన్‌లో ఆ ఎపిసోడ్ వచ్చినప్పుడు బ్రిటన్ ప్రేక్షకులు కూడా దీని మీదే ఫిర్యాదులు చేశారు. కథ 1889లో మొదలవుతుంది. అంతకు ముందు ఏడాది, ఆగస్టు 31కీ నవంబర్ 9కీ మధ్య, వైట్‌చాపెల్ చుట్టుపక్కల ఐదుగురు ఆడవాళ్లను ఘోరంగా చంపారు. జాక్ ది రిపర్ అని పేరు పడ్డ ఆ హంతకుడు దొరకలేదు. సీరియల్ ఆ హంతకుణ్ని చూపించదు. వాడు వదిలి వెళ్లిన భయంలో బతుకుతున్న జనాన్నీ, లెమన్ స్ట్రీట్ స్టేషన్‌లోని పోలీసుల్నీ చూపిస్తుంది. "ఆ కాలం అలాంటిది, దాచిపెడితే మోసం చేసినట్టే" అని సమర్థించేవాళ్లున్నారు. నేను కూడా చాలాకాలం అదే అన్నాను.

ఇప్పుడు అలా అనలేను. ఆ ఎపిసోడ్ కథ ఏమిటో గుర్తు చేసుకో. ఆడవాళ్ల చావుని కదిలే బొమ్మలుగా తీయించుకుని చూసే మనుషుల కథ అది. ఆ చూపు ఎంత నీచమైందో సీరియల్ చెబుతూనే, ఆ బొమ్మల్ని మన కళ్లకీ కడుతుంది. చనిపోయిన మనిషి ఒంటి మీద గాయాలు మనకు వివరంగా తెలుస్తాయి. ఆమె ఎలా నవ్వేదో, ఎవరి కోసం ఎదురు చూసేదో అంత వివరంగా తెలియదు. మీ అక్కని ఇబ్బంది పెట్టింది రక్తమా, లేక తనని కూడా ఆ బొమ్మలు చూసే మనిషి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారన్న బాధా? రెండూ వేరు వేరు అభిప్రాయాలమ్మా. ఇది తేలేదాకా అక్కడి నుంచి కదలకు.

అదే ఎపిసోడ్ గురించి మీ బాబాయి గారన్న మాటని 'చారిత్రక తప్పులు' కింద వేశావు. "1889లో సినిమా కెమెరా ఎక్కడిది?" అన్నారట. చాలామందికి వచ్చే అనుమానమే. కానీ 1888 అక్టోబర్‌లోనే లూయీ లె ప్రాన్స్ అనే ఆయన లీడ్స్‌లో ఒక ఇంటి తోటలో నలుగురు మనుషులు నడుస్తుంటే తీశాడు. రెండు మూడు సెకన్ల బొమ్మ, ఇప్పటికీ ఉంది. కాబట్టి ఆ విషయంలో కథకుడు గాల్లోంచి ఏమీ తేలేదు. ప్రేక్షకుడి అభిప్రాయాన్ని గౌరవించాలి, నిజమే. అందులో ఒక సంగతి ఉంటే సరిచూసుకోవడం కూడా గౌరవమే. నిజంగా మార్చినవి కావాలంటే వేరే ఉన్నాయి. సీరియల్లో ప్రధాన పాత్ర ఎడ్మండ్ రీడ్ నిజంగా బతికిన మనిషి, వైట్‌చాపెల్‌ని చూసే పోలీసు విభాగం హెచ్ డివిజన్‌లో డిటెక్టివ్‌లకి అధిపతి. లండన్ పోలీసుల్లో బాగా పొట్టివాడని ఆయనకు పేరు. ఆ పాత్ర వేసిన మాథ్యూ మెక్‌ఫాడియన్ ఆరడుగులు దాటిన మనిషి. అసలు రీడ్ 1896లోనే రిటైరయ్యాడు. నాలుగో సీజన్‌లో మాత్రం 1897లో మళ్లీ డ్యూటీలోకి వస్తాడు. ఇవి నాకు తప్పులుగా అనిపించవు, కథ కోసం తీసుకున్న చొరవ అనిపిస్తాయి. నీకెలా అనిపిస్తుందో నువ్వు రాయి.

నా సంగతి ఒకటి చెప్పనీ. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక సీరియల్ గురించి "ప్రేక్షకులు పెదవి విరిచారు" అని రాశాను. అచ్చయిన వారానికి ఒకావిడ నుంచి కార్డు వచ్చింది. "మా వీధిలో అందరం చూస్తాం. మమ్మల్నెవరూ అడగలేదే?" అని రెండే వాక్యాలు. నేను నిజంగానే ఎవర్నీ అడగలేదు. పెదవి విరిచింది నేనొక్కణ్నే. ఆ కార్డు చదివిన రోజు పడ్డ సిగ్గు ఇంకా పోలేదు.

సంభాషణల విషయానికొస్తే, "కొందరికి కృత్రిమంగా తోచాయి" అన్నావు. ఆ కొందరెవరు? ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉన్న మీ పెదనాన్న గారబ్బాయి చెవులతో విన్నాడు. హైదరాబాద్‌లో నీ స్నేహితురాలు సబ్‌టైటిల్స్ చదువుకుంది. విన్నవాడికి బరువనిపించిన మాటే, చదివిన అమ్మాయికి కవిత్వంలా అనిపించి ఉండొచ్చు. సీరియల్ రచయిత రిచర్డ్ వార్లో ఆ పాత్రలకి ఇచ్చిన ఇంగ్లీషు వీధి భాష కాదు, పనిగట్టుకుని మెలితిప్పిన భాష. మన పౌరాణిక సినిమాల్లో పాత్రలు మాట్లాడే తెలుగు ఏ కాలంలోనూ ఎవరూ మాట్లాడలేదు. అయినా తెర మీద వింటే ఆ లోకం భాష అదేనని నమ్ముతాం. ఇక్కడా అంతే. రీడ్ కింద పనిచేసే సార్జెంట్ డ్రేక్ యుద్ధం చూసొచ్చిన మొరటు మనిషి. అతని నోట అంత నిండైన వాక్యం తడబడుతూ వస్తే నాకు గుండె పట్టేస్తుంది. కానీ దొంగా, దొరా, డాక్టరూ అందరూ అదే ఫక్కీలో మాట్లాడితే మాత్రం అది లోపమే. నీ ఇద్దరు ప్రేక్షకులూ ఏ పాత్ర మాట దగ్గర ఆగారో కనుక్కో.

ఇంకొకటి. ఎవరు ఏ కాపీ చూశారో తప్పకుండా అడుగు. రెండో సీజన్ సోమవారం రాత్రుళ్లు ఐటీవీ అనే పోటీ ఛానెల్లో వచ్చే రియాలిటీ షోకి ఎదురుపడింది. అనుకున్నంతమంది చూడలేదని 2013 డిసెంబర్‌లో బీబీసీ ఆపేసింది. అభిమానులు సంతకాలు సేకరించి గట్టిగా అడిగారు. 2014లో అమెజాన్ ముందుకొచ్చి మూడో సీజన్ తీయించింది. అమెజాన్‌లో వచ్చిన ఎపిసోడ్లు నిడివి ఎక్కువ. తర్వాత బీబీసీలో వేసినవి కత్తిరించినవి. అంటే "మూడో సీజన్ హడావిడిగా ఉంది" అన్నవాళ్లూ, "తీరిగ్గా ఉంది" అన్నవాళ్లూ ఒకే ఎపిసోడ్ చూసి ఉండకపోవచ్చు. ఇది తెలియకుండా ఇద్దరికీ పోటీ పెడితే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

నాలుగో సీజన్ చివర చనిపోయే పాత్ర పేరు మీ మేనత్త చెప్పిందని యథాతథంగా వేశావు. అది తీసెయ్. ఆవిడ ఏడ్చిందని రాయి, చాలు.

రేపు మీ అక్కకి ఫోన్ చెయ్యి. ఏ సీను దగ్గర ఆపేసిందో, ఆపేశాక ఏం చేసిందో అడుగు. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకో, నువ్వు సరిదిద్దకు. పదిహేను రోజులు తీసుకుని మళ్లీ పంపు. ఎదురు చూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు