వర్చువల్ మెమరీ ‘తక్కువగా ఉందా’, ‘చాలడం లేదా’?

సందేహం: మా బడి కంప్యూటర్ గదిలో గోడకు అంటించడానికి ఇలా రాశాను: ‘మీ సిస్టమ్ నందు మిథ్యా స్మృతి తక్కువగా ఉన్నది. దాని పరిమాణము పెంచబడవలెను. కనీస పరిమాణము, గరిష్ట పరిమాణము నమోదు చేయబడవలెను.’ పిల్లలకు అర్థం కాలేదు. వర్చువల్ మెమరీకి సరైన తెలుగు మాట ఏది?
— ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

సమాధానం: మీరు అడిగింది పేరు గురించి. నాకు ఇబ్బంది ఎక్కువగా క్రియల్లో కనబడింది. అయినా ముందు పేరు సంగతే చూద్దాం.

భౌతికశాస్త్ర పాఠాల్లో ‘మిథ్యా ప్రతిబింబం’ (వర్చువల్ ఇమేజ్) మనకు అలవాటైన మాట. అద్దంలో కనబడే దీపం చెయ్యి కాల్చదు కాబట్టి అక్కడ ‘మిథ్య’ కుదిరింది. వర్చువల్ మెమరీ అలాంటిది కాదు. అందులో దాచింది అడిగినప్పుడు తిరిగి వస్తుంది. వర్చువల్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి శక్తి, సామర్థ్యం అని అర్థం. రూపం వేరైనా పనికి అదే అన్న భావం అందులోంచి వచ్చింది. ‘మిథ్య’ ఆ భావానికి ఎదురు తిరుగుతుంది. ఇక స్మృతి అనగానే మనుస్మృతి గుర్తొస్తుంది, జ్ఞాపకశక్తి అంటే మనిషిదే అనిపిస్తుంది. తెర మీద పిల్లలకు కనబడేది ‘వర్చువల్ మెమరీ’. ఆ మాటనే ఉంచండి, వివరణ మాత్రం తెలుగులో ఇవ్వండి.

వంటింటి గట్టు మీద ఇప్పుడు వాడుతున్న గిన్నెలుంటాయి. చోటు చాలకపోతే కాసేపు అక్కర్లేనివాటిని అటక మీద పెడతాం, కావలసినప్పుడు దించుకుంటాం. గట్టు ర్యామ్, అంటే ఇప్పుడు నడుస్తున్న పనులను కంప్యూటర్ ఉంచుకునే మెమరీ. అటక డిస్కు మీద ఉండే పేజింగ్ ఫైలు, అంటే ర్యామ్‌లో పట్టనివాటిని దాచే ఫైలు. ఈ రెండూ కలిపి వాడుకునే ఏర్పాటే వర్చువల్ మెమరీ. నిచ్చెన ఎక్కి దిగాలి కాబట్టి ఆలస్యమవుతుంది. ఎక్కడం దిగడంతోనే పొద్దుపోతే వంట సాగదు. కంప్యూటర్ బిగుసుకుపోయినట్టుండేది అప్పుడే. అటకను ఎంత పెంచినా గట్టు పెరగదు, దానికి ర్యామ్ వేయించాల్సిందే. 1962లో మాంచెస్టర్‌లో పని మొదలుపెట్టిన అట్లాస్ కంప్యూటర్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. అందులో మెమరీని ‘పేజీ’లనే సమాన ముక్కలుగా చేశారు; ఒక్కో పేజీకి 512 ‘వర్డ్’లు, అంటే కంప్యూటర్ ఒక్కసారిగా పట్టుకునే సమాచారపు తునకలు. పుట, పదం అని పుస్తకం నుంచి తీసుకున్న పేర్లివి. తరగతిలో చెప్పండి, పిల్లలకు నచ్చుతుంది.

ఇప్పుడు క్రియలు. ‘తక్కువగా ఉంది’ అంటే దేనికంటే అన్న ప్రశ్న వస్తుంది. ఉన్న మెమరీ నిన్నటంతే ఉంది, ఇవాళ తెరిచిన ప్రోగ్రాములకు సరిపోలేదు. దీనికి మన దగ్గర ‘చాలు’ అన్న చక్కటి క్రియ ఉంది. ‘మెమరీ చాలడం లేదు’ అంటే పిల్లవాడికి వెంటనే తోస్తుంది: అయితే ఏదైనా మూసేద్దాం అని.

‘పెంచబడవలెను’ అంటే ఎవరు పెంచాలి? ‘బడు’ చేర్చగానే పనిచేసే మనిషి మాయమయ్యాడు. ‘పెంచండి’ కంటే ‘పెంచుకోండి’ ఇంకా మేలు. తన పని కోసం తాను చేసుకునేదానికి ‘కొను’ చేర్చడం మన భాషకున్న సొగసు: అమర్చుకోండి, సరిచూసుకోండి.

‘గరిష్ట’ తప్పు, ‘గరిష్ఠ’ ఒప్పు. అన్నిటికన్నా మించినది అని చెప్పే ‘ఇష్ఠ’ ప్రత్యయంలో ఒత్తు ఠ ఉంటుంది; కనిష్ఠం, శ్రేష్ఠం కూడా అంతే. ప్రీతి అనే అర్థమున్న ‘ఇష్టం’ వేరు. విండోస్ గడిలో కనబడే ‘ఇనిషియల్ సైజ్’కు మీరు రాసిన ‘కనీస’ సరిపోదు. మొదట కేటాయించేది కాబట్టి ‘తొలి పరిమాణం’ అనండి.

నేనైతే గోడ మీద ఇలా రాస్తాను:

‘వర్చువల్ మెమరీ చాలడం లేదని వస్తే ముందు అక్కర్లేని ప్రోగ్రాములు మూసేయండి. మళ్ళీ వస్తే డిస్కులో ఖాళీ ఎంతుందో చూసుకోండి. తరువాత విండోస్‌లో సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిచి అడ్వాన్స్‌డ్‌లోకి, అక్కడ పర్ఫార్మెన్స్ కింది సెట్టింగ్స్‌లోకి, మళ్ళీ అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి, వర్చువల్ మెమరీ దగ్గర చేంజ్ నొక్కండి. పైనున్న ఆటోమేటిక్ గడిలో టిక్కు తీసేసి, డ్రైవు ఎంచుకుని, కస్టమ్ సైజ్ దగ్గర తొలి పరిమాణం 4096, గరిష్ఠ పరిమాణం 8192 వేయండి. సెట్ నొక్కాకే ఓకే నొక్కండి. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి.’

ఆ అంకెలు ఎంబీల్లో ఉంటాయని పక్కన రాయడం మరవకండి. 8 జీబీ కావాలనుకున్న పిల్లవాడు గడిలో 8 అని వేస్తాడు.